మూడో పెడల్ పెట్టే ముందు

పాఠకుల ప్రశ్నలు – బరంపురం మేస్త్రి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి మీద ఉన్నాయి: ఆటోమేటిక్ గేరుబాక్సు తీసేసి చేతి గేర్లు పెట్టుకోవడం. గల్ఫ్‌లో పాత అమెరికన్ బళ్లు బాగుచేసే గ్యారేజీలో పనిచేసి వచ్చినవాణ్ని కాబట్టి ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్కారం. మాది బరంపురం, గోసానినూగావ్. ఉద్యోగం హ్యూస్టన్‌లో. ఇక్కడ 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. 289 క్యూబిక్ ఇంచుల వీ8 ఇంజిన్, సీ4 ఆటోమేటిక్ గేరుబాక్సు. ఇంజిన్ బాగుంది. గేర్లు నా చేత్తో వేసుకుని నడపాలని కోరిక. ఒకాయన 1990 మస్టాంగ్‌ది టీ5 ఐదు గేర్ల బాక్సు, ఫ్లైవీల్, క్లచ్ అన్నీ కలిపి ఇస్తానంటున్నాడు. బిగించేస్తే సరిపోతుందా? శని, ఆదివారాల్లో అయిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. మీకు రాసి అడగమని నాన్నగారు చెప్పారు.

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారు మంచి సలహా ఇచ్చారు. గేరుబాక్సు కొనడానికి తొందరపడకండి. ఈ పనిలో అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి గానీ, డబ్బు పెడితే దొరికేదీ అదే. పని చెడేది వేరే చోట. డ్రైవరు ఎడమ కాలి దగ్గర మొదలై వెనక యాక్సిల్ దాకా వెళ్లే వరసలో ఏదో ఒక చిన్న సామాను దగ్గర చెడుతుంది. అందుకే నేనైతే ఆ వరసలోనే అన్నీ చూసుకుని, గేరుబాక్సు ఆఖరున కొంటాను.

ముందు బండి పుట్టుక తెలుసుకోండి. డ్రైవరు తలుపుకున్న పలక మీద ట్రాన్స్‌మిషన్ కోడ్ ఉంటుంది. 6 అని ఉంటే సీ4తోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. 5 అని ఉంటే నాలుగు గేర్ల మాన్యువల్‌గా పుట్టిన బండిని మధ్యలో ఎవరో ఆటోమేటిక్ చేశారని అర్థం. అలాంటప్పుడు పాత క్లచ్ సామాన్లు కొన్ని లోపల ఇంకా ఉండిపోయి ఉండొచ్చు, వెతకండి. తర్వాత ఇంజిన్‌ వెనక బెల్ హౌసింగ్ (గేరుబాక్సుని ఇంజిన్‌కి కలిపే గంట ఆకారపు డబ్బా) బోల్టులు లెక్కపెట్టండి. 1964 ఆగస్టు ప్రాంతం దాకా వచ్చిన 289 ఇంజిన్లకు ఐదు బోల్టులు, ఆ తర్వాత ఆరు. మీది 1966 కాబట్టి ఆరు ఉండాలి. అయినా లెక్కపెట్టండి, ఇన్నేళ్ల బండిలో ఇంజిన్ మారి ఉండొచ్చు.

ఇక ఆయన ఇస్తానన్న సామాను. టీ5 మంచి బాక్సే. 1990 నుంచి 1993 దాకా వీ8 మస్టాంగ్‌లకు పెట్టిన టీ5ని 300 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) దాకా తట్టుకుంటుందని రేట్ చేశారు. మీ 289 రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్‌దైతే ఫోర్డ్ చెప్పిన టార్క్ 282, నాలుగు బ్యారెళ్లదైతే 305. రేసులకి వెళ్లకుండా మామూలుగా నడిపితే దిగులు లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: నాలుగు సిలిండర్ల బళ్లకు కూడా టీ5 వచ్చింది. పైకి ఒకేలా ఉంటుంది, బలం తక్కువ. బాక్సు వెనక బోల్టుకి ఒక చిన్న రేకు ట్యాగ్ వేలాడుతూ ఉంటుంది, దాని మీద 1352తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ నంబరు చూసి ఏ బండిదో తేల్చుకున్నాకే డబ్బు ఇవ్వండి.

ఫ్లైవీల్, అంటే ఇంజిన్ వెనక బిగించే బరువు చక్రం, మాత్రం వద్దు. ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఫోర్డ్ చిన్న వీ8లలో ఇంజిన్ బ్యాలెన్స్‌లో కొంత భాగం బయట ఉంటుంది: ముందు డ్యాంపర్‌లో కొంత, వెనక ఫ్లైవీల్‌లో కొంత. మీ 289కి కావలసింది 28 ఔన్స్-ఇంచులు. 1980ల మొదట్లో ఫోర్డ్ దాన్ని 50కి మార్చింది. 1990 బండి ఫ్లైవీల్ అంటే 50ది. చిక్కేమిటంటే అది మీ క్రాంక్‌కి (ఇంజిన్ తిప్పే ఇరుసుకి) చక్కగా కూర్చుంటుంది, బోల్టులన్నీ పడతాయి, ఎక్కడా అనుమానం రాదు. స్టార్ట్ చేసి కాస్త రేస్ ఇచ్చాక స్టీరింగ్, సీటు అన్నీ వణుకుతాయి. అలాగే నడిపితే బేరింగులు పోతాయి. 157 పళ్లు, 28 ఔన్స్-ఇంచులు అని స్పష్టంగా చెప్పి కొత్తది కొనండి. స్టార్టర్ మోటార్ కూడా మాన్యువల్ బండిది వేరు, దాన్నీ లిస్టులో రాసుకోండి.

ఇప్పుడు పెడల్స్. ఆటోమేటిక్ బండి బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉంటుంది, పక్కన క్లచ్‌కి చోటివ్వదు. రెండు పెడల్సూ ఒకే షాఫ్ట్ మీద వేలాడే మాన్యువల్ సెట్టు మొత్తం కావాలి. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని చేసే పని ఇది, మెడ పట్టేస్తుంది. పాత సెట్టు దొరికితే బుష్‌లు అరిగి ఉంటాయి, బిగించే ముందే మార్చేయండి. ఆ బండి క్లచ్ పెడల్‌కి పైన ఒక బలమైన హెల్పర్ స్ప్రింగ్ ఉంటుంది. పాత రకం బరువైన ప్రెషర్ ప్లేటుకి (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టేదానికి) సాయంగా పెట్టింది అది. మీరు ఇప్పటి డయాఫ్రం (పళ్లెం ఆకారపు స్ప్రింగ్) ప్లేటు పెడితే ఆ స్ప్రింగ్ తీసేయాలి, లేకపోతే తొక్కిన పెడల్ పైకి రాదు. దాన్ని తీసేటప్పుడు ముఖం దగ్గర పెట్టకండి, చేతికి గ్లవ్ వేసుకోండి. దాని టెన్షన్ ఎముక విరగ్గొట్టేంత ఉంటుంది.

పెడల్ నుంచి క్లచ్ ఫోర్కు (క్లచ్‌ని విడదీసే మీట) దాకా ఆ కాలం మస్టాంగ్‌లో రాడ్లు, వాటి మధ్య ఇంజిన్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య తిరిగే జెడ్ బార్ ఉంటుంది. 1990 బండిది కేబుల్ క్లచ్. దాని బెల్ హౌసింగ్ మీరు వాడితే కేబుల్ పద్ధతికైనా వెళ్లాలి, లేదా ఫోర్కు మార్చి జెడ్ బార్‌కి కలపాలి. మీ ఇంజిన్‌కి పొడుగు హెడర్ పైపులుంటే (పొగ బయటికి పోయేవి) జెడ్ బార్‌కి అడ్డం తగులుతాయి, అప్పుడు కేబులో హైడ్రాలికో (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) నయం. ఏదో ఒకటి ముందే నిర్ణయించుకోండి. సగం సగం కలిపితే క్లచ్ పూర్తిగా విడదు, గేర్లు గరగరమంటాయి, పాపం అంతా గేరుబాక్సు మీదకి పోతుంది.

క్రాంక్ వెనక మధ్యలో పైలట్ బుష్ ఉండాలి. గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ కొస అందులో కూర్చుంటుంది. ఆటోమేటిక్‌కి దాని అవసరం లేదు కాబట్టి మీ బండిలో ఉండదు, కొత్తది కొట్టుకోవాలి. డాడ్జ్, ప్లిమత్ బళ్లు నడిపేవాళ్లకి ఇక్కడ ఇంకో గండం ఉంది. వాటిలో కొన్ని ఆటోమేటిక్ క్రాంకులకి ఆ రంధ్రం పూర్తిగా తొలిచి ఉండదు. మా గ్యారేజీకి ఒక పాత డాడ్జ్ చార్జర్ వచ్చింది, ఎవరో ఇన్‌పుట్ షాఫ్ట్ కొసే కోసేసి ఎక్కించారు. ఆధారం లేని షాఫ్ట్ ఊగి ఊగి ముందు బేరింగ్‌ని తినేసింది. కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) కూర్చునే పెద్ద గుంటలో పట్టే బేరింగ్ వేరే దొరుకుతుంది, దాంతో సరిచేశాం.

ఇక అందరూ వదిలేసే పని ఒకటి చెబుతాను, దయచేసి మీరు వదలొద్దు. బెల్ హౌసింగ్ బిగించాక, గేరుబాక్సు ఎక్కించకముందు, ఫ్లైవీల్ మీద మ్యాగ్నెట్ స్టాండుతో డయల్ గేజ్ నిలబెట్టండి. గేజ్ కడ్డీ కొస బెల్ హౌసింగ్ మధ్యనున్న పెద్ద రంధ్రం లోపలి అంచుని తాకాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఎటు ఎంత కదిలిందో రాసుకోండి. అన్నిటికన్నా ఎక్కువకీ తక్కువకీ తేడాలో సగమే బెల్ హౌసింగ్ మధ్య నుంచి పక్కకి జరిగిన కొలత. అది అంగుళంలో వెయ్యికి 5 వంతుల లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే ఇంజిన్ బ్లాకులోని డోవెల్ పిన్నులు తీసి, పక్కకి జరిపి చెక్కిన ఆఫ్‌సెట్ పిన్నులు వేసి మళ్లీ కొలవాలి. విసుగు పుట్టే పనే. కానీ ఈ తేడా ఉన్న బండిలో క్లచ్ ప్లేటు మధ్యభాగం పగిలిపోతుంది, గేర్లు జారి బయటికి వస్తాయి, ఎన్ని బాక్సులు మార్చినా జబ్బు పోదు. గేజ్ సొంతంగా లేకపోతే తెలిసిన లేతు షాపులో అడిగి తెచ్చుకోండి.

ఆటోమేటిక్ పోయాక మిగిలే తోకలు కూడా ఉంటాయి. సీ4కి ఇంజిన్ మానిఫోల్డు నుంచి ఒక వాక్యూమ్ గొట్టం వెళ్తుంది. దాన్ని మూసేయకపోతే ఇంజిన్ గాలి పీల్చి ఐడిల్‌లో ఊగుతుంది, మీరేమో కార్బ్యురేటర్ విప్పుకుని కూర్చుంటారు. రేడియేటర్‌కి వెళ్లే రెండు ఆయిల్ పైపులు తీసి ఆ చోట్లు ప్లగ్ చేయండి. కిక్‌డౌన్ రాడ్డు (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గేరు దించేది) తీసేయండి. రివర్స్ లైటు వైర్లు కొత్త బాక్సు స్విచ్‌కి కలపండి.

స్టార్టింగ్ వైరు దగ్గర కాస్త ఆగండి. ఆటోమేటిక్ బండి పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్ట్ అవుతుంది. ఆ స్విచ్ పోయాక చాలామంది నీలం చార ఉన్న ఎర్ర వైర్ల రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది, నిజమే. గేరులో ఉన్నా అవుతుంది. ఎవరైనా కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పితే ముందుకు దూకుతుంది. ఆ ముందు మీ పిల్లవాడు సైకిల్ తొక్కుతూ ఉండొచ్చు. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కితేనే కలిసే స్విచ్ ఒకటి పెట్టి, ఆ రెండు కొసలూ దానికి కలపండి. చవకైన సామాను. ఇది లేకుండా నేను ఏ బండీ బయటికి పంపను. అలాగే హ్యాండ్ బ్రేక్. ఇన్నాళ్లూ పార్కింగ్‌లో వేసి దిగిపోయారు కాబట్టి దాని కేబుల్ తుప్పు పట్టి ఉంటుంది. ఇక మీదట బండిని నిలబెట్టేది అదే. కేబుల్, వెనక బ్రేక్ షూలు చూడకుండా రోడ్డెక్కకండి.

గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని ఊహించి కోయించకండి. బండి బరువు చక్రాల మీద ఉండగా, యోక్‌ని (ఆ షాఫ్ట్ ముందు కొసని) బాక్సులోకి పూర్తిగా తోసి, ముప్పావు అంగుళం నుంచి అంగుళం వెనక్కి లాగి అప్పుడు కొలవండి. సీ4కీ టీ5కీ 28 స్ప్లైన్లే (షాఫ్ట్ మీది గాడి పళ్లు) కాబట్టి మీ యోక్ పనికొచ్చే అవకాశం ఉంది.

యాక్సిల్ సంగతి ఎవరూ ముందు చెప్పరు. మీ బండికి వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 2.80 గానీ 3.00 గానీ ఉంటుంది. టీ5 ఐదో గేరు నిష్పత్తి 0.68. 2.80తో ఐదో గేరులో గంటకు 60 మైళ్ల మీద ఇంజిన్ 1,500 ఆర్పీఎం దగ్గర మూలుగుతుంది. ఐదో గేరు పేరుకే ఉంటుంది, వెయ్యలేరు. 3.55 క్రౌన్-పినియన్ (వెనక యాక్సిల్ గేర్ల జత) పెడితే అదే వేగంలో 1,900 దాటుతుంది, బండి హాయిగా వెళ్తుంది. మొదటి గేరు 3.35 కాబట్టి అంతకన్నా పైకి పోవద్దు. పినియన్ మార్చే డబ్బు లేకపోతే అది కూడేదాకా పనే మొదలుపెట్టకండి అని నా మాట. యాక్సిల్ మారితే స్పీడోమీటర్ చిన్న గేరు కూడా మార్చాలి.

1990 టీ5లో పోయాల్సింది ఏటీఎఫ్, అదే ఆటోమేటిక్ ఆయిల్. చిక్కటి గేరాయిల్ పోస్తే చలికి గేర్లు పడవు. అదే పాత నాలుగు గేర్ల టాప్‌లోడర్ బాక్సైతే జీఎల్-4 గేరాయిల్. జీఎల్-5 ఇంకా మంచిదని షాపువాళ్లు అంటారు గానీ, అందులోని గంధకం మందు గేర్లని సాఫీగా కలిపే ఇత్తడి సింక్రోనైజర్ రింగులకి పడదు.

పాత సీ4ని, కన్వర్టర్‌ని, పెడల్‌ని, ప్రతి బోల్టునీ పేరు రాసి దాచండి. రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట అడిగేవి అవే. కొత్త క్లచ్ మీద మొదటి 500 మైళ్లు ఊళ్లోనే, మెల్లగా నడపండి. శని, ఆదివారాల్లో అయ్యే పని కాదు, సెలవు పెట్టుకోండి.

ప్రశ్న: అయ్యా, మాది పర్లాకిమిడి. మా తాతగారి 1965 షెవర్లే ఇంపాలా ఇంట్లో ఉంది, పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్. ఈ మధ్య గేరు గట్టిగా, ఆలస్యంగా పడుతోంది. ఆయిల్ తగ్గిపోతోంది, కానీ కింద చుక్క పడదు. సైలెన్సర్‌లో తెల్లటి పొగ. ఊళ్లో మెకానిక్ ఆటోమేటిక్ పీకేసి జీపు గేరుబాక్సు వేస్తానంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వద్దు బాబూ, దయచేసి వేయించొద్దు. మీరు రాసిన మూడు లక్షణాలూ కలిపి చదివితే గేరుబాక్సు చచ్చిపోలేదనే అనిపిస్తోంది. ఆయిల్ కింద కారడం లేదంటే ఇంకెక్కడికో పోతోంది. పవర్‌గ్లైడ్ పక్కన వాక్యూమ్ మాడ్యులేటర్ అని ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది. దానికి ఇంజిన్ నుంచి రబ్బరు గొట్టం వస్తుంది. లోపలి పొర చిరిగితే ఇంజిన్ ఆ గొట్టంలోంచి ఆయిల్ పీల్చుకుని కాల్చేస్తుంది. పొగ అదే, తగ్గే ఆయిల్ అదే, గేరు గట్టిగా పడటం కూడా అందుకే.

పరీక్ష సులువు. ఇంజిన్ ఆపి, ఆ గొట్టాన్ని మాడ్యులేటర్ దగ్గర ఊడదీయండి. లోపల ఎర్రటి ఆయిల్ తడి కనిపిస్తే రోగం దొరికినట్టే. ఆ డబ్బా అమెరికా నుంచి తెప్పించుకోవచ్చు, గేరుబాక్సు దింపకుండానే మార్చొచ్చు. గొట్టం కూడా కొత్తది వేయండి. ఆయిల్ కొలత బండి సమతలంగా నిలబెట్టి, బాగా వేడెక్కాక, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే చూడాలి.

ఇంకో కారణం చట్టం. 2021లో కేంద్రం పాత బళ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌లకు పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. జీపు బాక్సు పట్టాలంటే మీ బండి ఫ్లోరు కోయాలి, క్రాస్‌మెంబర్ (గేరుబాక్సుని మోసే అడ్డపట్టీ) వెల్డింగ్ చేయాలి. రెండు తరాలుగా అసలు రూపంలో ఉన్న బండి ఒక్క మధ్యాహ్నంలో ఆ అర్హత పోగొట్టుకుంటుంది. మీ తాతగారి బండిని అలా కోయడం నాకు చూడ్డానికి కూడా ఇష్టం లేదు. వింటేజ్ కింద నమోదైన బండిని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ పెట్రోలుకీ రిపేరుకీ తీయొచ్చు.

పవర్‌గ్లైడ్‌లో రెండే గేర్లు. తప్తపాణి ఘాట్ దిగేటప్పుడు లివర్‌ని ఎల్‌లో (తక్కువ గేరులో) పెట్టి మెల్లగా దిగండి, బ్రేకుల మీదే నమ్మకం పెట్టుకోకండి. ఆ బండివి నాలుగూ డ్రమ్ బ్రేకులు అయ్యుంటాయి, వేడెక్కితే పట్టవు.

ప్రశ్న: అన్నయ్య గారూ, నేను ఛత్రపురం నుంచి రాస్తున్నాను. మా ఆయన కువైట్‌లో ఉంటారు. అక్కడ 1970 షెవర్లే షెవెల్ కొన్నారు, ఆటోమేటిక్. మాన్యువల్ చేయిస్తానని పట్టుబట్టారు. ఆయనకి ఎడమ మోకాలు ఆపరేషన్ అయింది. నాకు భయంగా ఉంది. చెబితే వినరు.

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. ఆయన కోరికలో తప్పు కూడా లేదు. డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయమనండి. ఎవరైనా స్నేహితుడిది పాత మాన్యువల్ బండి అడిగి తీసుకుని, ఆఫీసులు వదిలే వేళ ఊరి ట్రాఫిక్‌లో ఓ సాయంత్రమంతా నడపాలి. మర్నాడు పొద్దున లేచాక మోకాలు ఎలా ఉందో అప్పుడు చెప్పమనండి. ఖాళీ రోడ్డు మీద నడిపి బాగుందంటే లెక్కలోకి రాదు.

మోకాలు ఒప్పుకుంటే రాడ్ల పద్ధతి మానేసి హైడ్రాలిక్ క్లచ్, డయాఫ్రం ప్రెషర్ ప్లేటు పెట్టించుకోమనండి, పెడల్ చాలా తేలిక అవుతుంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) కూర్చునే చోట ఫైర్‌వాల్ రేకు (ఇంజిన్‌కీ డ్రైవరుకీ మధ్య అడ్డు) వంగకుండా వెనక దళసరి పలక వేయించాలి, లేకపోతే తొక్కిన బలమంతా రేకు వంగడానికే పోతుంది. రేసు బళ్లకు పెట్టే గట్టి క్లచ్‌లు అమ్మజూపుతారు, అవి వద్దు. మోకాలు ఒప్పుకోకపోతే ఆ ఆటోమేటిక్‌నే విప్పి ఓవర్‌హాల్ చేయించి, మంచి షిఫ్ట్ కిట్ (గేరు పడే తీరు మార్చే సామాన్ల సెట్టు) వేయించమనండి. గేరు చురుగ్గా పడుతుంది, ఆయనకి కావలసిన సరదాలో చాలా భాగం దక్కుతుంది. డాక్టరు మాట కూడా అడగండి. డాక్టరుగారు వద్దంటే నా మాట లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రశ్న: రాయగడలో డిప్లొమా చదువుతున్నాను సార్. మా ఇంట్లో ఏఎంటీ కారు ఉంది. లోపల ఉన్నది మాన్యువల్ బాక్సే కదా, క్లచ్ పెడల్ పెట్టేస్తే?

జవాబు: లోపల ఉన్నది మాన్యువల్ బాక్సేనన్న మాట సరైనదే. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ అదే: మామూలు బాక్సు, మామూలు క్లచ్, వాటిని కదిపే యంత్రం. కానీ ఆ యంత్రాన్ని నడిపే కంప్యూటర్ ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడుతూ ఉంటుంది. దాన్ని తీసేస్తే ఇంజిన్ సరిగ్గా స్టార్ట్ కూడా కాకపోవచ్చు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు, ఇన్సూరెన్స్‌వాళ్లకీ సాకు దొరుకుతుంది. ఇంట్లో కారు జోలికి పోకండి. నేర్చుకోవాలని ఉంటే పాత సామాన్ల షాపులో ఒక స్క్రాప్ గేరుబాక్సు కొని, బల్ల మీద పెట్టి విప్పండి, మళ్లీ బిగించండి. బరంపురం వస్తే మా షెడ్డుకి రండి, డయల్ గేజ్ పట్టుకోవడం నేర్పిస్తాను.